మిగిలిన పైసలు: కేంద్ర బడ్జెట్‌లో రక్షణేతర వ్యయం

ఏటా ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థిక మంత్రి లోక్‌సభలో బడ్జెట్ ప్రవేశపెట్టే నాటికే అందులోని సొమ్ములో పెద్ద భాగం ఎటు పోవాలో తేలిపోయి ఉంటుంది. పాత అప్పులకు వడ్డీ కట్టాలి. పన్నుల్లో రాష్ట్రాల వాటా రాష్ట్రాలకు పంపాలి. పదవీ విరమణ చేసినవారికి పింఛన్లు ఇవ్వాలి. సైన్యం జీతభత్యాలు, ఆయుధాల కొనుగోళ్లు చూసుకోవాలి. ఇవి పోగా మిగిలిన దానిలోనే బడులు, ఆస్పత్రులు, రోడ్లు, రైళ్లు, తాగునీరు, రేషన్ బియ్యం, ఎరువుల రాయితీ, శాస్త్ర పరిశోధన అన్నీ సర్దుకోవాలి. ప్రభుత్వం తన నిర్ణయంతో పెంచగలిగినా, తగ్గించగలిగినా ఈ మిగిలిన భాగాన్నే. ఏ ప్రభుత్వం దేనికి విలువ ఇస్తుందో తెలిసేది కూడా ఇక్కడే.

2025-26 బడ్జెట్ మొత్తం వ్యయం 50 లక్షల 65 వేల కోట్ల రూపాయలు. రాష్ట్రాల పన్నుల వాటాను కూడా దీనికి కలిపి, ఆ మొత్తాన్ని ఒక్క రూపాయిగా లెక్కేసి బడ్జెట్ పత్రాలు పంపకం చూపుతాయి. ఆ రూపాయిలో 22 పైసలు రాష్ట్రాల పన్నుల వాటా. 20 పైసలు వడ్డీ. రక్షణకు 8 పైసలు, పింఛన్లకు 4 పైసలు. ఆర్థిక సంఘం సిఫార్సు చేసిన గ్రాంట్లు, రాష్ట్రాలకు ఇతర బదిలీలు మరో 8 పైసలు. ఇవన్నీ కలిపితే 62 పైసలు. మిగిలిన 38 పైసల్లో 16 పైసలు కేంద్రం సొంతంగా నడిపే పథకాలకు, 8 పైసలు రాష్ట్రాలతో కలిసి నడిపే పథకాలకు, 6 పైసలు ప్రధాన రాయితీలకు, 8 పైసలు ఇతర ఖర్చులకు పోతాయి.

సైనికుల పింఛన్లు ఈ లెక్కలో రక్షణ కింద కాక పింఛన్ల కింద ఉంటాయి. అవి కూడా కలిపి రక్షణ శాఖ మొత్తం కేటాయింపు చూస్తే 6 లక్షల 81 వేల కోట్లు. సరిహద్దు భద్రతా దళం, సీఆర్‌పీఎఫ్ వంటి సాయుధ బలగాలు హోం శాఖ కింద ఉంటాయి కాబట్టి వాటి ఖర్చు పౌర వ్యయంలోకి వస్తుంది. హోం శాఖకు ఆ ఏడు ఇచ్చినది 2 లక్షల 33 వేల కోట్లు. రక్షణేతర వ్యయం అనగానే అంతా సంక్షేమం, అభివృద్ధి అనుకోవడం సరి కాదు. తుపాకీ పట్టినవారి జీతాలూ అందులో కొన్ని ఉన్నాయి.

ఇక రూపాయి వచ్చే దారి చూస్తే, అందులో 24 పైసలు అప్పు. 2025-26లో ద్రవ్యలోటు అంచనా 15 లక్షల 69 వేల కోట్లు. అదే ఏడాది కట్టాల్సిన వడ్డీ 12 లక్షల 76 వేల కోట్లు. అంటే కొత్తగా తెచ్చే అప్పులో ఐదింట నాలుగు వంతులు పాత అప్పుల వడ్డీతో సమానం. విద్యా శాఖ మొత్తానికి ఇచ్చినది 1 లక్షా 28 వేల కోట్లు. వడ్డీ దానికి దాదాపు పది రెట్లు. ఆరోగ్య శాఖకు దక్కినది లక్ష కోట్ల లోపే. ప్రజారోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల బాధ్యత, విద్య ఉమ్మడి జాబితాలో ఉంది, ఆ రెండిటిపై దేశంలో జరిగే ఖర్చులో ఎక్కువ భాగం రాష్ట్రాలే పెడతాయి. ఆ మాట చెప్పుకున్న తరువాత కూడా వడ్డీకీ, ఈ రెండు శాఖల కేటాయింపులకూ మధ్య దూరం చిన్నది కాదు.

వడ్డీ ఇంత భద్రంగా ఉండడానికి కారణం రాజ్యాంగంలోనే ఉంది. 112వ అధికరణ ప్రభుత్వ వ్యయాన్ని రెండుగా విడదీస్తుంది. రాష్ట్రపతి వేతనం, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతాలు, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ జీతం, ప్రభుత్వ రుణాలపై వడ్డీ, అసలు చెల్లింపులు నేరుగా సంఘటిత నిధిపై, అంటే కేంద్ర ఖజానాపై, పడే ఖర్చులు. వీటిపై పార్లమెంటు చర్చించవచ్చు కానీ ఓటు వేయదు. మిగిలినవన్నీ గ్రాంట్ల డిమాండ్ల రూపంలో లోక్‌సభ ముందుకు వచ్చి ఓటు పొందాలి. ఏ సభా వడ్డీని తగ్గించలేదు. గడువు తేదీ దాటనిచ్చే అధికారం ఏ మంత్రికీ లేదు. ఉపాధి కూలీ వేతనానికి, అంగన్‌వాడీ కేంద్రం అద్దెకు అలాంటి రక్ష లేదు.

మిగిలిన సొమ్ము పంపకం ఫిబ్రవరిలో మొదలయ్యేది కాదు. అంతకు ముందటి వర్షాకాలంలోనే ఆర్థిక మంత్రిత్వ శాఖలోని బడ్జెట్ విభాగం అన్ని శాఖలకూ సర్క్యులర్ పంపుతుంది. ప్రతి శాఖ నడుస్తున్న ఏడాదికి సవరించిన అంచనా, రాబోయే ఏడాదికి కోరిక రెండూ రాసి పంపుతుంది. తరువాత వారాల తరబడి వ్యయ విభాగం కార్యదర్శి ఆధ్వర్యంలో ఒక్కో శాఖ ఆర్థిక సలహాదారుతో సమావేశాలు జరుగుతాయి. ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది, రాష్ట్రాల ఖాతాల్లో వాడకుండా ఎంత పడి ఉంది, కొత్త పథకానికి ఆమోదం వచ్చిందా లేదా అన్న ప్రశ్నలు అక్కడ అడుగుతారు. ఖర్చు చేయలేకపోయిన శాఖకు తరువాతి ఏడాది కోత తప్పదు. ఆ కోతకు కారణం శాఖ చేతకానితనం కావచ్చు. నిధులే ఆలస్యంగా విడుదల కావడం కూడా కావచ్చు. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పథకాలన్నిటికీ ఒకప్పుడు ప్రణాళిక వ్యయం, ప్రణాళికేతర వ్యయం అనే విభజన ఉండేది. 2017-18 నుంచి అది రద్దయింది. అదే ఏడాది బడ్జెట్ తేదీ ఫిబ్రవరి చివరి నుంచి మొదటి తేదీకి జరిగింది, 1924 నుంచి విడిగా ఉంటూ వచ్చిన రైల్వే బడ్జెట్ సాధారణ బడ్జెట్‌లో కలిసింది. తేదీ ముందుకు జరగడం వల్ల చిన్నదనిపించే ఒక పెద్ద మేలు జరిగింది. ఏప్రిల్ 1కల్లా పార్లమెంటు ఆమోదం పూర్తవుతోంది కాబట్టి శాఖలు వానలకు ముందే పనులు మొదలుపెట్టగలుగుతున్నాయి. అంతకు ముందు చాలా ఏళ్లు కొద్ది నెలల ఖర్చుకు ఓట్ ఆన్ అకౌంట్ తీసుకుని, అసలు ఆమోదం మే నెలలో పొందేవారు. ఇప్పుడు ఎన్నికల ఏడాదిలోనే ఆ అవసరం పడుతోంది.

లోక్‌సభలో బడ్జెట్ ప్రయాణం సాధారణ చర్చతో మొదలవుతుంది. తరువాత సభకు విరామం ఇస్తారు. ఆ విరామంలో శాఖల వారీ స్థాయీ సంఘాలు డిమాండ్లను పరిశీలిస్తాయి. 1993లో ఏర్పడిన ఈ సంఘాల్లో అన్ని పార్టీల ఎంపీలూ ఉంటారు, అధికారులను పిలిచి అడుగుతారు. నిజమైన ప్రశ్నలు ఎక్కువగా పడేది ఇక్కడే. సభ తిరిగి కూడాక కొన్ని శాఖల డిమాండ్లపైనే చర్చ సాగుతుంది. సభ్యులు కోత తీర్మానాలు ఇవ్వవచ్చు. విధానం నచ్చకపోతే డిమాండును ఒక్క రూపాయికి తగ్గించాలని, ఒక ప్రత్యేక బాధ చెప్పాలనుకుంటే వంద రూపాయలు తగ్గించాలని తీర్మానం ఇస్తారు. అవి నెగ్గితే ప్రభుత్వంపై సభ విశ్వాసం పోయినట్టే కాబట్టి ఆచరణలో అవి నెగ్గవు. నిర్ణయించిన రోజున, నిర్ణయించిన గంటకు, చర్చకు రాని డిమాండ్లన్నిటినీ కలిపి ఒకేసారి ఓటుకు పెడతారు. దీన్నే గిలటిన్ అంటారు. 2023 మార్చి 23న సభలో గందరగోళం నడుమ అన్ని శాఖల డిమాండ్లూ ఒక్క శాఖపై కూడా చర్చ లేకుండా ఆమోదం పొందాయి. ఆ ఏటి బడ్జెట్ సుమారు 45 లక్షల కోట్లు. ఇంత సొమ్మును మాట లేకుండా దాటించడం ఏ పార్టీ హయాంలో జరిగినా పార్లమెంటుకు నష్టమే. డిమాండ్ల తరువాత ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందితేనే 114వ అధికరణ ప్రకారం సంఘటిత నిధి నుంచి సొమ్ము తీయడానికి వీలవుతుంది.

పౌర వ్యయంలో పెద్ద ముద్దలు మూడు. రాయితీలు, పథకాలు, నిర్మాణాలు.

రాయితీల్లో ఆహారానికి 2 లక్షల 3 వేల కోట్లు, ఎరువులకు 1 లక్షా 68 వేల కోట్లు 2025-26 అంచనాలు. వంటగ్యాసు వగైరా పెట్రోలియం రాయితీ 12 వేల కోట్ల దగ్గర చిన్నదైపోయింది. ఆహార రాయితీ 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం మీద నిలిచి ఉంది. పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. అంత్యోదయ కార్డుంటే కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఈ ధాన్యం ఉచితం. ఎందరికి ఇవ్వాలన్న లెక్క మాత్రం 2011 జనగణన దగ్గరే ఆగి ఉంది. జనాభా పెరిగింది, కార్డుల పరిమితి పెరగలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఆ పరిమితికి బయట ఉన్న కుటుంబాలకు తమ ఖర్చుతో బియ్యం ఇస్తున్నాయి.

ఎరువుల సంగతి ఇంకో రకం. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంది. ఆ ధర ఏళ్లుగా కదలలేదు. తయారీ ఖర్చు గ్యాస్ ధరతో పాటు ఎగురుతూ పడుతూ ఉంటుంది. ఆ తేడా అంతా కేంద్రం కంపెనీలకు చెల్లించాలి. ఉక్రెయిన్ యుద్ధం నడుస్తున్న 2022-23లో ఎరువుల రాయితీకి బడ్జెట్‌లో లక్షా 5 వేల కోట్లు పెట్టగా ఏడాది పూర్తయ్యేసరికి 2 లక్షల 51 వేల కోట్లయింది. గుంటూరు జిల్లా రైతు ఆ ఏడాది బస్తాకు అదే ధర కట్టాడు. బయటి దేశంలో మొదలైన యుద్ధం భారం ఢిల్లీ ఖజానా మీద పడింది. పేరుకు ఇది ప్రభుత్వం ఇష్టం మీద ఆధారపడిన ఖర్చు. ఒకసారి ధర మాట ఇచ్చాక అది వడ్డీలాగే బిగుసుకుపోతుంది. పైగా యూరియా చవగ్గా, పొటాష్ ప్రియంగా ఉండడంతో చేలల్లో నత్రజని మోతాదు మించిపోతోంది. నేల సారం మీద దాని దెబ్బ ఏ బడ్జెట్ పత్రంలోనూ కనబడదు.

రాయితీల లెక్క ఒకప్పుడు పూర్తిగా బయటకు వచ్చేది కాదు. భారత ఆహార సంస్థకు ఇవ్వాల్సిన రాయితీ సొమ్ము ఇవ్వకుండా, చిన్న పొదుపు నిధి నుంచి ఆ సంస్థ చేత అప్పు చేయించేవారు. లోటు తక్కువగా కనిపించేది, బాకీ పెరుగుతూ పోయేది. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆ పద్ధతి మానుకుని బాకీలను లెక్కలోకి తెచ్చారు. దాంతో 2020-21 ఆహార రాయితీ 5 లక్షల 41 వేల కోట్లకు చేరింది. అంకె చూసి చాలామంది ఉలిక్కిపడ్డారు గానీ అది మెచ్చుకోవలసిన పని. దాచిన బాకీ కన్నా కనిపించే లోటు మేలు.

రెండో ముద్ద పథకాలు. కేంద్ర రంగ పథకాలకు పూర్తి ఖర్చు కేంద్రానిదే. రైతుకు ఏడాదికి 6 వేల రూపాయలు మూడు విడతలుగా ఇచ్చే పీఎం కిసాన్ అలాంటిది. 2025-26లో దానికి 63,500 కోట్లు పెట్టారు. కేంద్ర ప్రాయోజిత పథకాలకు మాత్రం చాలా రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున పెట్టుకోవాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90, 10. ఈ వాటాలు 2015-16 నుంచి అమల్లోకి వచ్చాయి. 14వ ఆర్థిక సంఘం రాష్ట్రాల పన్నుల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచినప్పుడు, పథకాల్లో కేంద్రం తన భారాన్ని తగ్గించుకుంది. 15వ ఆర్థిక సంఘం కాలంలో ఆ వాటా 41 శాతం. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం దక్కింది. కేంద్రం వేసే సెస్సులు, సర్‌ఛార్జీల్లో రాష్ట్రాలకు వాటా లేదు.

ఉమ్మడి పథకం ఎలా పనిచేస్తుందో ఒక బడి భోజనం కంచం దగ్గర చూడవచ్చు. 1995 ఆగస్టు 15న మొదలైన మధ్యాహ్న భోజన పథకం ఇప్పుడు పీఎం పోషణ్ పేరుతో నడుస్తోంది. దేశంలో సుమారు 11 కోట్ల మంది పిల్లలు దాని లెక్కలో ఉన్నారు. ప్రాథమిక తరగతి పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం భారత ఆహార సంస్థ గోదాము నుంచి వస్తుంది. ఆ ఖర్చు పూర్తిగా కేంద్రానిది. పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు, నూనె 5 గ్రాములు, ఉప్పు, కారం, పొయ్యి కింద మంట, వీటన్నిటికీ కలిపి 2025 మే 1 నుంచి నిర్ణయించిన ధర 6 రూపాయల 78 పైసలు. అందులో కేంద్రం వాటా 4 రూపాయల 7 పైసలు, రాష్ట్రం వాటా 2 రూపాయల 71 పైసలు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 10 రూపాయల 17 పైసలు. టమాటా ధర కిలో వంద దాటిన నెలలో కూడా ఆ పైసల్లోనే కూర ఉడకాలి.

ఆ కంచంలో గుడ్డు ఉంటే దాని ఖర్చు ప్రధానంగా రాష్ట్రానిది. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు ఇచ్చే చిక్కీ, రాగి జావ కూడా అలాగే రాష్ట్రం చేర్చినవి. వంట చేసే మనిషికి కేంద్ర లెక్క ప్రకారం నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే. ఆ వెయ్యిలోనూ 600 కేంద్రానివి, 400 రాష్ట్రానివి. ఈ మొత్తం 2009 నుంచి మారలేదు. తెల్లవారి కట్టెలు సర్ది, వంద మందికి వండి, వడ్డించి, గిన్నెలు తోమే పనికి జాతీయ బడ్జెట్ కట్టిన విలువ అది. తెలుగు రాష్ట్రాలతో సహా చాలా రాష్ట్రాలు తమ సొమ్ము కలిపి ఇస్తున్నాయి కనుకనే వంటపొయ్యి వెలుగుతోంది. ఈ పథకం మొత్తానికి 2025-26 కేంద్ర కేటాయింపు 12,500 కోట్లు.

ఇలా కదలకుండా ఉండిపోయిన అంకెలు ఇంకా ఉన్నాయి. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద 60 నుంచి 79 ఏళ్ల పేద వృద్ధులకు కేంద్రం ఇచ్చే పింఛను నెలకు 200 రూపాయలు. 2006-07లో అది 75 నుంచి 200కు పెరిగింది, తరువాత పెరగలేదు. 80 దాటినవారికి 500. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున వృద్ధుల చేతికి వచ్చే 4 వేల రూపాయల్లో, తెలంగాణలో వచ్చే 2,016 రూపాయల్లో కేంద్రం భాగం అర్హులైనవారికి ఆ 200 మాత్రమే. అంగన్‌వాడీ కార్యకర్తలకు కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2018 అక్టోబరు నుంచి 4,500 దగ్గరే ఉంది. పీఎం కిసాన్ 6 వేలు 2019 నుంచి అదే 6 వేలు. ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి రెండుసార్లు కరువు భత్యం సవరిస్తారు. ధరలు పెరిగినప్పుడల్లా ఆ లెక్క దానంతట అది పైకి వెళుతుంది. పేదలకు ఇచ్చే మొత్తానికి అలాంటి సూత్రం పెట్టలేదు. దాన్ని తగ్గించాలని ఎవరూ తీర్మానం చేయనక్కరలేదు, ఊరుకుంటే చాలు, ఏటా ధరలే కొంత కోసేస్తాయి. పౌర వ్యయంలో అన్నిటికన్నా పెద్ద కోతలు ఇలా నిశ్శబ్దంగా జరిగేవే.

చట్టం ఉంటే కొంత రక్ష ఉంటుంది. 2005 ఉపాధి హామీ చట్టం అందుకు ఉదాహరణ. 2006 ఫిబ్రవరి 2న అప్పటి అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఈ పథకం మొదలైంది. పని అడిగిన పల్లె కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పని, చేసిన పనికి 15 రోజుల్లో కూలి అని చట్టం చెప్పింది. ఎంతమంది అడిగితే అంత ఖర్చు, ముందుగా గీసిన గీత లేదు. కరోనా వచ్చి వలస కూలీలు ఊళ్లకు తిరిగివచ్చిన 2020-21లో ఆ గుణం అక్కరకొచ్చింది. బడ్జెట్‌లో 61,500 కోట్లు పెట్టిన పథకం ఆ ఏడు లక్షా 11 వేల కోట్లకు పెరిగి కోట్ల కుటుంబాలను నిలబెట్టింది. మిగిలిన ఏళ్లలో మాత్రం కేటాయింపు చాలక, ఏడాది చివరికి కూలి బకాయిలు పడడం మామూలైంది. 2024-25లో 86 వేల కోట్లు, 2025-26లోనూ అదే 86 వేల కోట్లు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వికసిత్ భారత్ పేరుతో కొత్త ఉపాధి చట్టం తెచ్చింది. పని దినాలు 125కు పెరిగాయి. ఇదివరకు నైపుణ్యం అక్కరలేని పనికి కూలి పూర్తిగా కేంద్రమే భరించేది. ఇప్పుడు చాలా రాష్ట్రాలు 40 శాతం భరించాలి. ఏ రాష్ట్రానికి ఎంత ఇవ్వాలో కేంద్రం ముందుగా నిర్ణయిస్తుంది, దాటిన ఖర్చు రాష్ట్రానిది. అడిగినవారిని బట్టి పెరిగే ఖర్చు కాస్తా కేంద్రం నిర్ణయాన్ని బట్టి ఉండే ఖర్చుగా మారింది. రోజుల సంఖ్య కన్నా పెద్ద మార్పు ఇదే. రాష్ట్రం ఖజానా బలహీనంగా ఉన్న చోట కూలీకి దక్కే రోజులు ఎన్నో ఆ ఖజానాయే తేలుస్తుంది.

మూడో ముద్ద నిర్మాణాలు. 2019-20లో 3 లక్షల 36 వేల కోట్లుగా ఉన్న కేంద్ర మూలధన వ్యయం 2025-26 అంచనాల్లో 11 లక్షల 21 వేల కోట్లు. ఇందులో రక్షణ కొనుగోళ్లు లక్షా 80 వేల కోట్లు తీసేసినా పెరుగుదల చాలా పెద్దది. రైల్వేకు 2 లక్షల 52 వేల కోట్లు, రోడ్లకు సుమారు 2 లక్షల 72 వేల కోట్లు పోతాయి. జాతీయ రహదారుల సంస్థ ఇదివరకు బయట అప్పులు తెచ్చి రోడ్లు వేసేది. ఆ అప్పు ఆపించి ఇప్పుడు బడ్జెట్ నుంచే సొమ్ము ఇస్తున్నారు కాబట్టి పెరుగుదలలో కొంత భాగం చోటు మారిన ఖర్చే. రాష్ట్రాలకు 50 ఏళ్ల గడువుతో వడ్డీ లేని రుణాలుగా లక్షా 50 వేల కోట్లు ఇదే ఖాతాలో ఉన్నాయి. ఆ రుణాల్లో కొంత భాగం కేంద్రం చెప్పిన సంస్కరణలు చేసిన రాష్ట్రాలకే దొరుకుతుంది.

పోలవరం కూడా ఈ పద్దుల మీదే ఆధారపడింది. 2014 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం దాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ఏ ఏడాది ఎంత ఇవ్వాలో చట్టం చెప్పలేదు. అది ఏటా బడ్జెట్ తేల్చాలి. 2025-26లో 5,936 కోట్లు పెట్టారు. చట్టం బాధ్యతను నిర్ణయించింది, వేగాన్ని మాత్రం కేటాయింపు నిర్ణయిస్తోంది. ముంపు గ్రామాల నుంచి లేచి పునరావాస కాలనీల కోసం ఎదురుచూసే కుటుంబాలకు ఈ తేడా అనుభవమే. ఇక శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరితే దేశమంతా గర్వంగా చూస్తుంది. అంతరిక్ష శాఖ 2025-26 మొత్తం కేటాయింపు 13,416 కోట్లు, అంటే మొత్తం వ్యయంలో వంద రూపాయలకు పావలా పైచిలుకు. ఎంతో కాలం పట్టుబట్టి నిలకడగా ఇస్తూ వస్తే కొద్ది సొమ్మూ ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ బడ్జెట్‌లో దొరకదు.

కేటాయించినదంతా ఖర్చవుతుందని లేదు. శాఖలు నెలల వారీ ఖర్చు ప్రణాళిక ముందే ఇవ్వాలి. చివరి మూడు నెలల్లో 33 శాతానికి, ఒక్క మార్చిలో 15 శాతానికి మించి ఖర్చు చేయరాదన్న నిబంధన ఉంది. మార్చిలో హడావుడిగా సొమ్ము కుమ్మరించే అలవాటుకు ఇది కళ్లెం. 2021 నుంచి ప్రతి ఉమ్మడి పథకానికి రాష్ట్రంలో ఒకే ఖాతా ఉండాలన్నారు. మొదటి విడతలో అధిక భాగం వాడినట్టు, రాష్ట్రం తన వాటా వేసినట్టు చూపితేనే రెండో విడత వస్తుంది. దాంతో బ్యాంకుల్లో పనిలేక పడి ఉండే సొమ్ము తగ్గింది. రాష్ట్రం తన 40 శాతం వేయలేని నెలలో కేంద్రం 60 కూడా ఆగిపోవడం దీనికి రెండో వైపు.

డిసెంబరు దాటాక సవరించిన అంచనాలు తయారవుతాయి. ఇంటింటికీ కుళాయి నీరు ఇచ్చే జల్ జీవన్ మిషన్‌కు 2024-25 బడ్జెట్‌లో 70,163 కోట్లు ప్రకటించారు. సవరించిన అంచనాలో అది 22,694 కోట్లు. 2025-26కు మళ్లీ 67 వేల కోట్లు చూపారు. ఫిబ్రవరి 1న పతాక శీర్షికల్లోకి వచ్చేది ప్రకటించిన మొత్తమే. ఏడాది తరువాత వచ్చే రెండో అంకెకు అంత చోటు దొరకదు. ఏ పథకం కేటాయింపు చదివినా పక్కనే పోయినేటి సవరించిన అంచనా, అంతకు ముందటి ఏటి వాస్తవ వ్యయం కూడా చదవాలి. బడ్జెట్ పుస్తకాల్లో ఆ మూడూ ఒకే వరుసలో అచ్చవుతాయి. కేటాయింపు చాలని చోట ప్రభుత్వం 115వ అధికరణ కింద అనుబంధ పద్దులు తెచ్చి పార్లమెంటు అనుమతి కోరుతుంది. సభ కూడే వరకు ఆగలేని అవసరానికి 30 వేల కోట్ల ఆగంతుక నిధి ఉంది. 2021 దాకా అది 500 కోట్లే.

ఏడాది ముగిశాక లెక్కలు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పరిశీలనకు వెళతాయి. మంజూరు చేసిన దానికి, వాడిన దానికి తేడా ఎంత, ఒక పనికి ఇచ్చిన సొమ్ము మరో పనికి మళ్లిందా, సెస్సు వసూళ్లు ఉద్దేశించిన నిధికి చేరాయా, వినియోగ ధ్రువపత్రాలు రాకుండానే కొత్త విడత ఇచ్చారా అని ఆ కార్యాలయం చూస్తుంది. 151వ అధికరణ ప్రకారం నివేదికలు రాష్ట్రపతికి, అక్కడి నుంచి పార్లమెంటుకు చేరతాయి. ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడిగా ఉండే ప్రజా పద్దుల సంఘం వాటిలో కొన్నిటిని ఎంచుకుని కార్యదర్శులను పిలిచి విచారిస్తుంది. మంజూరును మించి ఖర్చు జరిగి ఉంటే దాన్ని ఈ సంఘం పరిశీలించాకే లోక్‌సభ క్రమబద్ధం చేస్తుంది. సంఘం సిఫార్సులపై ఏం చేశారో సంబంధిత శాఖ లిఖితపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబు మళ్లీ సభ ముందుకు వస్తుంది.